ఆ సాయంత్రం నేను విప్పిన గొట్టాలు

మా వదిన చర్చిలో అందరి ముందూ నిలబడి, తాను చెయ్యని తప్పుకు ఏడుస్తూ క్షమాపణ అడిగింది. ఆ తప్పు చేసినదాన్ని నేను. ఆ పూట మూడో వరసలో, పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాను. పక్కనున్నవాళ్ళు నేనూ ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరారు. ఆ నిమరడం ఇప్పటికీ నా వీపు మీద ఉంది. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, జుట్టుకు రంగు వేసుకునే వయసొచ్చింది. ఎవరు ఏ కాస్త మెచ్చుకున్నా లోపల ఎవరో "నీ సంగతి నాకు తెలియదా" అంటూనే ఉన్నారు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే ధైర్యంగా ఉంది. పేరు చెప్పే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు, అది కూడా ముందే ఒప్పుకుంటున్నాను.

అప్పుడు మేం యూసుఫ్‌గూడలో రెండు గదుల పోర్షన్లో ఉండేవాళ్ళం. అన్నయ్య, వదిన, వాళ్ళ కవల పిల్లలు, నేను. డిగ్రీ అయ్యాక ఒంగోలు నుంచి అన్నయ్య దగ్గరికొచ్చి, అందరిలాగే అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరాను. ఆ రోజుల్లో అమీర్‌పేట రోడ్డు మీద నడిస్తే చేతిలో కరపత్రం పెట్టకుండా ఎవరూ వదిలేవాళ్ళు కాదు. అన్నయ్యది మందుల కంపెనీలో ఊళ్ళు తిరిగే ఉద్యోగం. వదిన మాదాపూర్‌లో ఒక కంపెనీ హెచ్ఆర్‌లో చేసేది. పొద్దున్నే పిల్లల్ని తయారు చేసి, క్యాబ్ హారన్ వినగానే చెప్పులు వేసుకుంటూ మెట్లు దిగేది. సాయంత్రం వచ్చాక అలసిపోయి కూడా నన్ను కూర్చోబెట్టి ఇంటర్వ్యూ ప్రశ్నలు అడిగేది. నా ఇంగ్లీషు ఆవిడ దిద్దిందే. నన్ను "ఆడపడుచు గారూ" అని వెక్కిరింపుగా పిలిచేది, ఆ పిలుపులో ప్రేమే ఉండేది.

కవలలు పుట్టాక వదిన పొట్ట మళ్ళీ మామూలు కాలేదు. లోపలి కండరాలు విడిపోయాయని, నడుం నొప్పి అందుకేనని డాక్టర్ చెప్పాడు. చర్మం జారి మడత పడి ఉండేది, ఎండాకాలం ఆ మడతలో ఒరుసుకుని పుండయ్యేది. వదిన పంజగుట్టలో ఒక చిన్న ఆసుపత్రిలో కనుక్కుని, కండరాలు కుట్టి, జారిన చర్మం తీసేసే టమ్మీ టక్ ఆపరేషన్ చేయించుకుంటానంది. అన్నయ్య నసుగుతూనే సరేనన్నాడు.

నాకు మాత్రం లోలోపల వెగటుగా అనిపించింది. పొట్ట తగ్గించుకోడానికి ఆపరేషనా? ఇద్దరు పిల్లల తల్లికి ఇంత సోకా? బయటికి అనలేదు. కానీ అనుకున్నాను, చాలాసార్లు అనుకున్నాను. నేను చేసింది పొరపాటేనని చెప్పి తప్పించుకోవాలనిపించినప్పుడల్లా ఈ వెగటు గుర్తొస్తుంది. ఇష్టంలేని పని మీద మనకుండే శ్రద్ధ ఎంతపాటిదో మీకు తెలియనిది కాదు.

పిల్లల్ని వాళ్ళ అమ్మమ్మ తెనాలి తీసుకెళ్ళింది. ఆపరేషన్ బాగా జరిగింది. అన్నయ్య రెండు రోజులుండి క్యాంపుకు వెళ్ళాడు. వదినను చూసుకోవలసింది నేను.

పొట్టకు అడ్డంగా కుట్లు, పైన బిగుతైన బెల్టు. కుట్ల కింద రెండు వైపులా రెండు సన్నటి గొట్టాలు బయటికి వచ్చేవి. ఒక్కో గొట్టం చివర దానిమ్మకాయంత ప్లాస్టిక్ బల్బు. డ్రెయిన్లంటారు వాటిని. చర్మం కింద ఊరే నెత్తురూ నీరూ ఆ బల్బుల్లోకి దిగాలి, లోపల నిలవకూడదు. బల్బును నొక్కి, గాలి తీసేసి, మూత పెడితే అది నెమ్మదిగా నీటిని లాక్కుంటుంది. ఇంటికి పంపించే ముందు అక్కడి సిస్టర్ నాకు చేసి చూపించింది.

"పైపు నడుమ నెత్తురు గడ్డ కడతది, గందుకే పొద్దుమాపు వేళ్ళతోని గిట్ల కిందికి దువ్వుండ్రి. బల్బు నిండితే మూత తీసి వంపుండ్రి. గంతే. బల్బును పైపు నుంచి మాత్రం విప్పుడు గిప్పుడు చెయ్యకుండ్రమ్మా. జర పైలం."

ఆ పని నేను బాగానే చేశాను. చెప్పుకుంటే వింతగా ఉంటుంది గానీ, గర్వంగా కూడా చేశాను. చేతులు సబ్బుతో కడుక్కుని, గొట్టాన్ని దువ్వి, ఎర్రనీళ్ళు గీతల కప్పులోకి వంపి, ఎంత ఉందో డాక్టర్‌కి ఫోన్లో చెప్పేదాన్ని. వదిన నడుం వంచుకుని బాత్రూమ్‌కి నడిచేటప్పుడు రెండు బల్బులూ నైటీకి పిన్నులతో వేలాడేవి. "నీకు రెండు జేబులున్న నైటీ కుట్టించాలి వదినా" అంటే నవ్వబోయి, కుట్లు లాగి, పొట్ట పట్టుకుని తిట్టేది. ఎర్రగా వచ్చేది రోజురోజుకూ గులాబీ రంగుకు తిరిగింది. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే అయిపోయేది.

ఆదివారం నేనొక్కదాన్నే ఎర్రగడ్డలో మా చర్చికి వెళ్ళాను. వెళ్ళేముందు వదిన "చిన్న ఆపరేషన్ అయిందని చెప్పు, చాలు" అంది. ఆరాధన చివర ప్రార్థన మనవులు అడుగుతారు కదా, లేచి నిలబడ్డాను. చిన్న ఆపరేషన్ అంటే ఎవరూ తల తిప్పి చూడరేమో అనిపించింది. హెర్నియా అన్నాను. ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదన్నారని చెప్పాను. ఎవరూ అనలేదు ఆ మాట. ఆడవాళ్ళు అయ్యో అన్నారు. పాటల గుంపులో వెనక వరసలో నిలబెట్టే నన్ను, ఆరోజు పాస్టరమ్మ గారు పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. మంగళవారం సాయంత్రం మీ ఇంటికొచ్చి ప్రార్థన చేస్తామన్నారు. వద్దని ఎలా అంటాను?

ఇంటికొచ్చి చెబితే వదిన ముందు నవ్వింది. తర్వాత, "ఇదేంటి, ఎందుకలా చెప్పావు? పర్లేదులే, రానీ. పాస్టరమ్మ గారికి నేనే మెల్లగా ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. నాకేం సిగ్గు?" అంది.

ఆవిడకు సిగ్గు లేదు. సిగ్గంతా నాదే. చర్చిలో నిలబడి అబద్ధమాడిన పిల్లనని తెలిసిపోతుందని ఏడ్చాను. చెప్పొద్దని బతిమాలాను. వదిన నా మొహంలోకి చూసి, "సరే, నీ కోసం" అంది. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. ఆ అబద్ధాన్ని ఆవిడ నా కోసం మోసింది.

మంగళవారం వచ్చింది. నా భయమల్లా శాంతమ్మ ఆంటీ గురించి. మా చర్చి ఆవిడే, పాస్టరమ్మ గారితో పాటు వస్తానన్నారు. ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో ఉండేవారు, గవర్నమెంటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మా వాళ్ళు ప్రార్థన చేసేటప్పుడు నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి చేస్తారు. అలా చెయ్యి పెడితే బల్బులు తగులుతాయి. హెర్నియాకు రెండు వైపులా డ్రెయిన్లెందుకని ఆవిడ ఒక్క ప్రశ్న వేస్తే నా పని అయిపోయినట్టే. బల్బుల్ని పక్కకు జరిపి చూశాను. దిండు కింద పెట్టి చూశాను. ఎక్కడ పెట్టినా దుప్పటి ఉబ్బెత్తుగా కనబడింది.

వదిన నొప్పి మాత్ర వేసుకుని నిద్రలో ఉంది. నేను రెండు బల్బుల్నీ గొట్టాల నుంచి విప్పేశాను. గొట్టాల చివరలు మడిచి, నా జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండ్లు చుట్టి, బెల్టు లోపలికి దోపాను. చేతులు కడుక్కున్నానో లేదో నాకు గుర్తు లేదు. ఎంతగానో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. కింద ఆటో ఆగిన చప్పుడు మాత్రం గుర్తుంది. బల్బుల్ని తీసుకెళ్ళి బాత్రూమ్ కిటికీ గట్టు మీద, సబ్బుపెట్టె పక్కన పెట్టాను.

అందరూ మంచం చుట్టూ నిలబడ్డారు. వదిన కళ్ళు తెరిచి, తడుముకుని, నా వైపు చూసింది. వెనక్కి పెట్టి పిన్ను కొట్టాను అని పెదవులతో చెప్పాను. నమ్మింది. పాస్టరమ్మ గారు పొట్ట మీద అరచెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. ఆ చేతి కింద, నా రబ్బరు బ్యాండ్ల కింద, బయటికి రావలసిన నీరు దారి లేక లోపల నిలబడి ఉంది. నేను అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను.

టీలు తాగారు, రెండు పాటలు పాడారు. బస్టాపు దాకా సాగనంపడానికి వెళ్ళాను. దారిలో పాస్టరమ్మ గారు, క్రిస్మస్‌కి సోలో పాట నీకే ఇస్తానమ్మాయ్ అన్నారు. ఆ మాటతో నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను. వదిన పడుకుంది. లేపి బెల్టు విప్పాలి, బల్బులు తగిలించాలి. కాసేపాగి చేద్దామని కుర్చీలో కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి పాలవాడు తలుపు కొడుతున్నాడు.

బల్బుల్ని కొళాయి నీళ్ళతో కడిగి, రబ్బరు బ్యాండ్లు మెల్లగా విప్పి తగిలించాను. నొక్కి మూత పెట్టాను. ఏమీ రాలేదు. గొట్టంలో చూస్తే నల్లటి పోగులా గడ్డ కనబడింది. దువ్వాను. కదల్లేదు. ఇంకా గట్టిగా దువ్వాను. వదిన లేచింది.

లేచి బల్బులు చూసుకుంది. రోజూ తెల్లారేసరికి సగం నిండేవి, ఆరోజు అడుగున నాలుగు చుక్కలు. "ఆగిపోయింది! నిన్న ప్రార్థన చేశారు, ఇవాళ ఆగిపోయింది" అంది. కళ్ళనిండా నీళ్ళు. అక్కడే, ఆ మంచం మీదే, చేతులు జోడించి దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

అప్పుడు చెప్పాల్సింది. అప్పుడు చెప్పి ఉంటే, ఆటో ఎక్కి పంజగుట్ట వెళ్ళి ఉంటే, వాళ్ళేదో చేసేవాళ్ళు. రెండు తిట్లతో పోయేది. ఎందుకు చెప్పలేదు? దొరికిపోతానన్న భయమా? ఒప్పుకుంటే అంతకుముందు చెప్పిన అబద్ధాలన్నీ ఒక్కొక్కటిగా బయటికి లాగాల్సి వస్తుందనా? లేక, ఇది చెప్పడానికి నోరు రావడం లేదు, అద్భుతం జరిగిన ఇంట్లో నేనూ ఉన్నానన్న సంబరమా? డాక్టర్‌కి ఫోన్ చేసి "చాలా తగ్గిందండి" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఇన్నేళ్ళూ నేను ఆ మాట చాటునే దాక్కున్నాను. మర్నాడూ తక్కువే వచ్చేసరికి డ్రెయిన్లు తీసేశారు. వదిన ఫోన్ చేసి సాక్ష్యం చెబితే, పాస్టరమ్మ గారు ఉపవాస ప్రార్థనలో అందరికీ చెప్పారట.

ఆ తర్వాత జ్వరం. పొట్ట బిగుసుకుని, ఎర్రబడి, కుట్ల దగ్గర చీము. అన్నయ్య క్యాంపు మధ్యలో పరిగెత్తుకొచ్చాడు. మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళి కుట్లు విప్పారు. లోపల నీరు చేరి కుళ్ళిందన్నారు. పుండును తెరిచే ఉంచి రోజూ లోపల గాజుగుడ్డ కుక్కి కట్టు కట్టేవాళ్ళు. వదిన తువ్వాలు నోట్లో కుక్కుకునేది. డాక్టర్ నన్నడిగాడు, గొట్టం మధ్యలో ఊడడం లాంటిదేమైనా జరిగిందా అని. లేదండి అన్నాను. కొందరికి ఇలా అవుతుందిలెండి అన్నాడు, పాపం.

ఒక మధ్యాహ్నం గదిలో మేమిద్దరమే ఉన్నాం. వదిన కిటికీ వైపు చూస్తూ అడిగింది.

"ప్రార్థన చేశారు, ఆయన స్వస్థత ఇచ్చాడు. ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ ఎందుకు తీసుకున్నాడంటావు?"

నేను వంగి కింద పడిన దూది ఏరాను.

"అబద్ధం చెప్పి ప్రార్థన చేయించుకున్నాననా? అందం మీద ఆశపడ్డాననా? దేవుడు నన్ను శిక్షించాడంటావా?"

"ఏమో వదినా" అన్నాను.

గొట్టాలు విప్పింది బుద్ధిలేనితనం అనుకుందాం. డాక్టర్‌కి చెప్పకపోవడం భయమనుకుందాం. ఈ "ఏమో"ను మాత్రం ఏమని చెప్పుకోవాలో ఇప్పటికీ తెలియదు. ఆవిడ నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, దానికి జవాబు ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. దేవుడి మీదికి తోసేశాను. ఆయనెలాగూ వచ్చి కాదని చెప్పడు కదా.

పుండు మానాక మొదటి ఆదివారమే వదిన చర్చిలో లేచి నిలబడింది. హెర్నియా కాదని చెప్పింది. పొట్ట కోసం, సోకు కోసం చేయించుకున్నానంది. మా ఆడపడుచు చేత నేనే అబద్ధం చెప్పించాను, ఆ పిల్లను క్షమించండి అంది. వెనక ఎవరో ముక్కు చీదారు, ఎవరో గుసగుసలాడారు. నేను తల వంచుకున్నాను. లేవడానికి నా కాళ్ళకేమైంది? క్రిస్మస్‌కి సోలో పాట నేనే పాడాను.

తర్వాత వదిన ఉద్యోగం మానేసింది. రంగు చీరలన్నీ ఎవరెవరికో ఇచ్చేసింది. అద్దం ముందు కూతురు కాస్త ఎక్కువసేపు నిలబడితే కసిరేది. నవ్వుతూ నవ్విస్తూ ఉండే మనిషి, ఏ పని చేసినా ముందు దేవుడికి కోపం వస్తుందేమోనని చూసుకునే మనిషైపోయింది. నన్ను ఆడపడుచు గారూ అనడం కూడా మానేసింది. నాకు మాదాపూర్‌లో ఆవిడకు తెలిసినవాళ్ళ కంపెనీలోనే ఉద్యోగం వచ్చింది. ఆ జీతంతోనే నా జీవితం నిలబడింది. అందరూ నన్ను వదినకు అంత సేవ చేసిన పిల్ల అనేవాళ్ళు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఆ పాత కోత దగ్గరే వదినకు ఈమధ్య నిజంగానే హెర్నియా వచ్చింది. ఆనాడు నేను నోటికొచ్చినట్టు చెప్పిన జబ్బు. పేగు ఇరుక్కుంటే ప్రాణానికే ప్రమాదం, త్వరగా ఆపరేషన్ చేయించుకోవాలి అన్నారు. వదిన ఒప్పుకోలేదు. ఒంటి మీద కత్తి పెట్టించుకుంటే ఏమవుతుందో ఆయన నాకొకసారి చూపించాడు, మళ్ళీ ఆయన్ని పరీక్షించను అంది. అన్నయ్య చెప్పాడు, పాస్టర్ గారు చెప్పారు, వినలేదు. కూతురు స్నేహ నాకు ఫోన్ చేసి, "అత్తా, నువ్వు చెబితే వింటుందేమో" అని ఏడ్చింది.

వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి, ఆవిడ మంచం పక్కన కింద కూర్చున్నాను. రబ్బరు బ్యాండ్లు, కిటికీ గట్టు, కొళాయి నీళ్ళు, గొట్టంలో గడ్డ. అన్నీ చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడిస్తే ఆవిడే నన్ను ఓదార్చాల్సి వస్తుంది. వదిన కదలకుండా విన్నది. నేను ఆపాక ఒక్కటే అడిగింది.

"అయితే, ఆయన నన్నేమీ అనలేదా?"

"లేదు వదినా."

అంతసేపూ పొట్ట మీద పెట్టుకుని ఉన్న చెయ్యి తీసేసింది. గోడ వైపు తిరిగింది. "ఇక నువ్వు వెళ్ళు" అంది. గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది.

ఆవిడ తనది కాని తప్పును అంతమంది ముందు చెప్పుకుంది. నేను తలుపు వేసి ఆవిడ ఒక్కదానికే చెప్పి ఊరుకుంటే సరిపోతుందా? సరిపోదనిపించి ఇది రాయడం మొదలుపెట్టాను. చర్చిలో నిలబడి చెప్పే రోజు వస్తుందో రాదో తెలియదు. మాట ఇవ్వను, నా మాటల సంగతి మీకిప్పుడు తెలుసు.

ఇంకొక్కటి చెప్పాలి. నిన్న స్నేహ ఫోన్ చేసింది. "అత్తా, ఏం చెప్పావో గానీ అమ్మ ఆపరేషన్‌కి ఒప్పుకుంది" అంది. గొంతులో ఎంత సంతోషమో. ఆ తర్వాత ఆగి, "ఏమనుకోకు. నిన్ను మాత్రం ఆసుపత్రికి రావద్దంది. కట్లు, మందులు, ఏదీ నువ్వు ముట్టుకోకూడదట. ఎందుకత్తా?" అంది.

ఎందుకో చెప్పాను. మొదటినుంచీ, ఏదీ దాచకుండా. పిల్ల చివరిదాకా విన్నది. అయిపోయాక ఫోన్ పెట్టేసింది. లేచి వంటింట్లోకి వెళ్ళి కంచం పెట్టుకున్నాను. ఎన్నాళ్ళ తర్వాతో నాకు అన్నం సయించింది. సయించినందుకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే తిన్నాను.